నిదానపు ఈతగాళ్ళకు సెలవులు

వేసవి వస్తే పిల్లల్ని ఈతకు పంపడం మనందరికీ అలవాటే. పెద్దవాళ్ళు, అందులోనూ నిదానంగా ఈదేవాళ్ళు, సెలవు పెట్టుకుని వెళ్ళి ఆరేడు రోజులు ఈత దిద్దుకుని వచ్చే శిబిరాలున్నాయంటే మాత్రం మా ఇంట్లోనే ఎవరూ నమ్మలేదు.

ఈ పద్ధతికి పేరు తెచ్చినవారిలో అమెరికా శిక్షకుడు టెర్రీ లాఫ్లిన్ ఒకరు. 1989లో ‘టోటల్ ఇమ్మర్షన్’ పేరిట పెద్దవాళ్ళకు వేసవి శిబిరాలు మొదలుపెట్టారు. అదే పేరుతో 1996లో పుస్తకం వచ్చింది. ఆయన 2017లో కన్నుమూశారు గానీ ఆ పద్ధతిలో నేర్పేవారు నేటికీ ఉన్నారు. ముందు ఒళ్ళు నీటిమీద తిన్నగా నిలవాలి, బలం సంగతి తర్వాత అన్నది వారి పాఠం. ఐరోపాలో సముద్రపు ఈత యాత్రలే ఉన్నాయి. 2003లో మొదలైన ‘స్విమ్‌ట్రెక్’ వారు వేగాన్నిబట్టి జట్లు కట్టి, పక్కన పడవ తోడిచ్చి ఈదిస్తారు.

మేము అంత దూరం పోలేదు లెండి. కిందటేడు జనవరిలో తొమ్మిదిమందిమి చెన్నై నుంచి పుదుచ్చేరి దగ్గర ఒక విడిదికి వెళ్ళాం. నాకు 57 ఏళ్ళు. అందరికన్నా పెద్దాయనకు 68. అంతకుముందు మా పేటలో ఒక కొలనులో చేరితే ఎనిమిదేళ్ళ పిల్లలతో కలిపి ఈదించారు. ‘ఆంటీ, పక్కకు జరగండి’ అన్న మాట తప్ప అక్కడ నేను నేర్చుకున్నది తక్కువ. శిబిరంలో పక్కకు జరగమనేవారే లేరు, అందరం పక్కవాళ్ళమే కనుక!

మొదటిరోజు నా లెక్క ఇది: 25 మీటర్లకు 36 బారలు, 50 సెకన్లు, చివర గట్టు పట్టుకుని రొప్పు. శిక్షకురాలు గడియారం తీసి లోపల పెట్టేశారు. నీరు గాలికన్నా సుమారు 800 రెట్లు చిక్కన. వేగం రెండింతలు చేస్తే నీటి అడ్డు నాలుగింతలవుతుంది. కాబట్టి మనలాంటివాళ్ళు బలంతో గెలిచేది లేదు, అడ్డు తగ్గించుకోవాలి. తల పైకెత్తితే కాళ్ళు మునుగుతాయి. కాళ్ళు మునిగితే ఒళ్ళంతా నీటికి గోడలా నిలబడుతుంది. ఊపిరి పీల్చడం కాదు, వదలడమే అసలు పాఠమని తెలిసింది రెండోనాడు. ముఖం నీటిలో ఉండగా బుడగలు వదిలేస్తే, పక్కకు తిరిగినప్పుడు పీల్చడానికి తీరిక దొరుకుతుంది. ఆరోరోజుకు బారలు 27కు దిగాయి. వేగం రెండు సెకన్లే పెరిగింది. కానీ ఆగకుండా నాలుగుసార్లు, అంటే వంద మీటర్లు, ఈదాను.

ఆడవాళ్ళకు ఇంకో చిక్కు దుస్తులది. మోచేతులు, మోకాళ్ళు కప్పే ఈత దుస్తులు ఇప్పుడు దొరుకుతున్నాయి. పుష్కరాల్లో తడిచీర బరువు మోసినవాళ్ళకు ఆ హాయి వేరే చెప్పాలా!

ఈ సంబరమంతా యానాంలో మా పిన్ని ముందు చెప్పబోయాను. ఆవిడ వినలేదు. 1968లో మా మేనమామ పందొమ్మిదేళ్ళవాడు గౌతమిలో పోయాడు. ఎండిన ఆనపకాయ బుర్రలు నడుముకు కట్టుకుని ఈత నేర్చిన గజఈతగాడు. ఆ తర్వాత మా ఇంట ఆడపిల్లలెవరినీ రేవు రెండో మెట్టు దాటనివ్వలేదు.

“ఈత రానివాళ్ళం ఒడ్డునే ఉన్నామే. వచ్చినవాడే పోయాడు,” అంది పిన్ని.

“నేను నదిలో దిగను పిన్నీ, కొలనులోనే,” అన్నాను.

“వాడూ రేవులోనే అన్నాడు.”

దానికి నా దగ్గర జవాబు లేదు. ఏరు కొలను కాదు, సుడికీ ఒరవడికీ బారల లెక్క తెలియదు. శిబిరంలోనూ మొదటి గంట చెప్పింది ఇదే: ఒంటరిగా ఎప్పుడూ దిగవద్దు, తెలియని నీళ్ళలో అసలే వద్దు. మా మనవరాలికి ఈత నేర్పుతున్నాం, ఈ మాటతో కలిపే.

హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల గారు 2021 మార్చిలో పాక్ జలసంధిని 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. ఆవిడా నలభై దాటాకే ఈత నేర్చారు. ఆ వార్త పిన్నికి చదివి వినిపిస్తే “పక్కన పడవ ఉందా?” అనడిగింది. ఉందన్నాను. కాసేపు మాట్లాడలేదు.

వెళ్ళదలచినవారు ఒక్కో శిక్షకుడికి ఎంతమందో, గట్టుమీద రక్షకుడు ఉంటాడో లేడో ముందే కనుక్కోండి. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు డాక్టరును అడిగి మరీ బయలుదేరండి. మా జట్టు వచ్చే జనవరిలో మళ్ళీ వెళుతోంది. కొలను ఎంత లోతని పిన్ని ఫోనులో అడిగింది. నాలుగున్నర అడుగులని చెప్పాను.