కొండెక్కించే 31 జతలు

అలిపిరిలో టెంకాయ కొట్టి, మొదటి మెట్టుకు దండం పెట్టి కాలు పైకెత్తుతాం. అక్కడి నుంచి కొండమీదికి 3,550 మెట్లు! గాలిగోపురం వచ్చేసరికి పిక్కలు పట్టేస్తాయి. మోకాళ్ల పర్వతం దగ్గర తొడలు వణుకుతాయి. కండలు అలసిపోయాయనుకుంటాం. నిజమే. కానీ ఆ కండలతో పని చేయించిన మేస్త్రీల మాటే ఎవరూ ఎత్తరు. ఆ మేస్త్రీలే మన నాడులు.

రెండు ఘాట్‌రోడ్లు

మెదడు నుంచి వెన్నెముక లోపలగా కిందికి దిగే తాడు వెన్నుపాము. పెద్దవాళ్లలో దాని పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. దీన్నుంచి 31 జతల నాడులు బయటికొస్తాయి. మెడ దగ్గర 8, ఛాతీ వెనక 12, నడుములో 5, దాని కింద త్రికాస్థి దగ్గర 5, చివర తోక ఎముక దగ్గర 1.

తిరుమలకు ఎక్కడానికో ఘాట్‌రోడ్డు, దిగడానికో ఘాట్‌రోడ్డు ఉన్నట్టే ప్రతి నాడికీ రెండు వేళ్లుంటాయి. వెనక వేరు ఒంట్లోని కబుర్లను పైకి చేరవేస్తుంది. ముందు వేరు కండరాలకు ఆజ్ఞలు తీసుకెళ్తుంది. మెట్టు మీద మోకాలిని నిటారు చేసే తొడ కండరానికి ఆజ్ఞలు నడుములోని 2, 3, 4 జతల నుంచి అందుతాయి. పిక్కను బిగించి ఒంటిని పైకి తోయించేది సయాటిక్ నాడి. మన శరీరంలో అన్నిటికన్నా లావైన నాడి ఇదే.

మెదడును అడక్కుండానే...

ఉత్తకాళ్లతో నడుస్తుంటే అరికాల్లో రాయి గుచ్చుకుంది. 'అబ్బా' అనేలోపే కాలు లేచిపోతుంది. రెండోకాలు బిగుసుకుని ఒంటి బరువంతా మోస్తుంది. ఈ నిర్ణయం వెన్నుపాముదే. మెదడుకు కబురు ఆ తర్వాతే తెలుస్తుంది. మొదట చురుక్కుమంటుంది, కాసేపటికి సలుపు మొదలవుతుంది. సలుపును మోసే సన్నని నాడీతంతువుల వేగం సెకనుకు మీటరు అటూ ఇటూ. అదే కండరాలకు ఆజ్ఞలు తీసుకెళ్లే లావుపాటి తంతువులదైతే 100 మీటర్ల దాకా!

ఒక్క వేరు తెగితే?

ఆ ముందు వేరు విలువేమిటో పోలియో చూపించింది. ఆ వైరస్ వెన్నుపాము ముందుభాగంలోని కణాలను చంపేస్తుంది. గిచ్చితే నొప్పి తెలుస్తుంది, కాలు మాత్రం కదలదు. పోలియో బాధితులు, ఎముకల వైకల్యాలున్నవారి కోసం టీటీడీ 1985లో తిరుపతిలో బర్డ్ ఆస్పత్రిని నెలకొల్పింది. చచ్చిన నాడీకణం మళ్లీ పుట్టదు. అందుకే బాగున్న కండరాల స్నాయువులను మార్చి అతకడం, క్యాలిపర్లు తొడగడం లాంటి పద్ధతులతోనే ఇలాంటివారిని నడిపిస్తారు. చుక్కల మందు పుణ్యమా అని 2014లో మనదేశం పోలియో రహితమైంది.

వెన్నుకు కట్టు చాలదు

చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు గుర్తొచ్చే ప్రాంతం మనది. వెన్ను సంగతి వేరు. అక్కడ విరిగేది ఎముకే అయినా నలిగేది నాడి. రోడ్డు ప్రమాదంలో పడ్డ మనిషిని తలోవైపూ పట్టుకుని ఆటోలో కుదేస్తే, విరిగిన పూస కదిలి వెన్నుపామును నొక్కేయొచ్చు. 108కు ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా తల, మెడ, నడుము కదలకుండా చూడటమే మనం చేయగలిగిన మేలు.

పూసల మధ్య డిస్కు జారి నాడిని నొక్కితే నడుము నుంచి పాదం దాకా గుంజుతుంది. అదే సయాటికా. చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. కానీ కొన్ని లక్షణాలు కనిపిస్తే మాత్రం ఆగకూడదు. పాదం పైకి లేవకపోవడం, చెప్పు తెలియకుండా జారిపోవడం, సైకిల్ సీటు ఆనేచోట స్పర్శ తెలియకపోవడం, మూత్రం బిగబట్టుకుపోవడం... వీటిలో ఏది కనిపించినా తైలాలు, మర్దనలతో కాలయాపన చేయక అదేరోజు పెద్దాస్పత్రికి వెళ్లాలి. ముఖ్యంగా స్పర్శ పోయి మూత్రం ఆగితే ప్రతి గంటా లెక్కే.

కాలు గుంజుతుంటే ఈసారికి బస్సెక్కండి. మొక్కు నెల ఆలస్యమైనా స్వామి ఏమీ అనుకోడు. నలిగిన నాడి మాత్రం అంతకాలం ఆగదు.