ఆకలి తెలిసిన అమ్మ

సారెపతు అనే ఊళ్ళో ఒక పేద విధవరాలుండేది. దేశమంతా కరువు. ఆమె ఇంట్లో మిగిలింది కాస్త పిండి, కాస్త నూనె మాత్రమే. నాలుగు పుల్లలేరుకుని ఆఖరి రొట్టె కాల్చుకుని, కొడుకుతో కలిసి తిని, ఇక చావు కోసం ఎదురుచూద్దామనుకుంది. సరిగ్గా అప్పుడే ఆకలితో ఉన్న ఏలీయా ప్రవక్తను దేవుడు ఆమె దగ్గరికి పంపాడు (1 రాజులు 17వ అధ్యాయం). ఆ ఊళ్ళో గాదెలు నిండిన ఇళ్ళు లేవా? ఉండే ఉంటాయి. అయినా పిండి అయిపోవస్తున్న ఇంటినే దేవుడు ఎంచుకున్నాడు. కారణమేమిటో ఆ అధ్యాయం చెప్పదు గానీ, అపొస్తలుడైన పౌలు మాత్రం ఒక జవాబిస్తాడు. శ్రమల్లో మనం దేవుని వల్ల పొందిన ఆదరణ, శ్రమల్లో ఉన్న ఇతరులను ఆదరించడానికే అంటాడాయన (2 కొరింథీ 1:4). అంటే మన కన్నీళ్ళు తుడిచిన దేవుడు ఆ రుమాలును మన చేతికే ఇచ్చి పక్కవారి వైపు చూపిస్తాడన్నమాట.

మన దేశంలో ఈ మాటను జీవించి చూపించిన స్త్రీ పండిత రమాబాయి. 1858లో ఒక మరాఠీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారామె. ఆడవాళ్ళు సంస్కృతం చదవకూడదనే ఆ రోజుల్లో తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే తన భార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పించి తోటివారి నిందలు భరించారు. ఆ తల్లి తాను నేర్చినదంతా కూతురికి నేర్పింది. పురాణాలు చదివి వినిపిస్తూ ఊరూరా తిరిగి బతికే కుటుంబమది. 1870వ దశకంలో వచ్చిన కరువు దాన్ని కుదిపేసింది. కూలిపని చేతకాదు, చెయ్యి చాచడానికి మనసొప్పదు. ఆకులు తిని, నీళ్ళు తాగి రోజులు గడిపారు. తండ్రి, తల్లి, అక్క ఒకరి వెనుక ఒకరు కన్నుమూశారు. మిగిలిన అన్నాచెల్లెళ్ళిద్దరూ కాలినడకన ఉత్తరాది దాకా తిరిగారు. జీలం నది ఒడ్డున చలికి తాళలేక ఇసుకలో గోతులు తవ్వుకుని, తల మాత్రం బయట ఉంచి, ఒంటిమీద ఇసుక కప్పుకుని పడుకున్న రాత్రులున్నాయి.

1878లో వాళ్ళు కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమె విద్వత్తుకు ఆశ్చర్యపోయి ‘పండిత’, ‘సరస్వతి’ అనే బిరుదులిచ్చారు. కానీ 1880లో అన్న శ్రీనివాస్ చనిపోయాడు. అదే సంవత్సరం బిపిన్ బిహారీ దాస్ మేధావి అనే బెంగాలీ న్యాయవాదిని కులం పట్టింపులు దాటి ఆమె పెళ్ళాడారు. రెండేళ్ళు నిండకముందే, 1882లో కలరా ఆయన్ను తీసుకుపోయింది. అప్పటికి రమాబాయికి 23 ఏళ్ళు. ఒడిలో ఏడాది కూడా నిండని కూతురు మనోరమ. ఆనాటి సమాజంలో విధవరాలంటే బతికుండగానే చచ్చినట్టు లెక్క. తల గొరిగించేవారు, ఒంటిపూట తిండి పెట్టేవారు, భర్త చావుకు ఆమె పాపమే కారణమనేవారు.

ఏ స్త్రీ అయినా అక్కడితో కుంగిపోతే తప్పుపట్టలేం. రమాబాయి మాత్రం అదే సంవత్సరం పుణె చేరి స్త్రీల కోసం ఆర్య మహిళా సమాజాన్ని స్థాపించారు. విద్యా విషయాలు విచారించడానికి వచ్చిన హంటర్ కమిషన్ ముందు నిలబడి, ఆడపిల్లలకు మహిళా టీచర్లు, మహిళా డాక్టర్లు కావాలని వాదించారు. 1883లో ఇంగ్లండు వెళ్ళారు. లోకం ‘పతితలు’ అని వెలివేసిన స్త్రీలను అక్కడి క్రైస్తవ సహోదరీలు ప్రేమగా చేరదీయడం చూసి ఆమె ఆశ్చర్యపోయారు. ఇలాంటి వారి మీద కూడా మీకింత ప్రేమ ఎలా సాధ్యమని అడిగితే, వాళ్ళు యేసు ప్రభువు సమరయ స్త్రీతో మాట్లాడిన సంగతి చదివి వినిపించారు (యోహాను 4వ అధ్యాయం). ఊరంతా దూరం పెట్టిన స్త్రీతో బావి దగ్గర కూర్చుని మాట్లాడిన ఆ ప్రభువు ఆమె హృదయాన్ని తాకాడు. ఆ ఏడాదే ఆమె బాప్తిస్మం పొందారు.

1889లో బొంబాయిలో విధవరాళ్ళ కోసం శారదా సదన్ తెరిచారు. అందులో మొట్టమొదట చేరిన విధవ విద్యార్థిని గోదూబాయి. ఆ తర్వాత 1893లో ధోండో కేశవ్ కర్వే ఆమెను పెళ్ళిచేసుకున్నారు. దేశంలో తొలి మహిళా విశ్వవిద్యాలయాన్ని 1916లో స్థాపించిన మహనీయుడాయన. రమాబాయి దగ్గర అక్షరాలు దిద్దిన గోదూబాయి క్రైస్తవురాలు కాలేదు. అయినా ఆ అమ్మ ప్రేమలో లోటు రాలేదు. ఫలితం లెక్కపెట్టుకుని చేసే సాయాన్ని వ్యాపారమంటారు, పరిచర్య అనరు. శారదా సదన్ మీద కూడా ఆరోపణలు వచ్చాయి. 1893లో కొందరు తమ పిల్లలను తీసుకెళ్ళిపోయారు. రమాబాయి మాత్రం తలుపులు మూయలేదు.

1896లో మధ్య పరగణాల్లో మళ్ళీ కరువొచ్చింది. ఎముకల గూళ్ళలా రోడ్ల పక్కన పడివున్న ఆడపిల్లల్లో ఆమెకు తన చిన్ననాటి రూపమే కనిపించింది. ఇరవై ఏళ్ళ నాటి ఆకలి గుర్తొచ్చి ఆమె ఇంట్లో కూర్చోలేకపోయారు. స్వయంగా బయలుదేరి వందల మంది పిల్లల్ని తెచ్చారు. పుణెలో ప్లేగు నిబంధనల వల్ల వాళ్ళను ఉంచడం కుదరకపోతే, కేడ్‌గావ్‌లో తాను కొన్న పొలానికి తరలించారు. అలా మొదలైందే ముక్తి మిషన్. 1900 నాటికి అక్కడ దాదాపు 1,500 మంది ఆశ్రయం పొందారు. వాళ్ళను ఊరికే కూర్చోబెట్టి అన్నం పెట్టలేదు. చదువు, నేత, వ్యవసాయం, అచ్చు పని నేర్పించారు. అంధ బాలికల కోసం బర్తిమయి పేరుతో ఒక సదన్, మోసపోయిన స్త్రీల కోసం కృపా సదన్ కట్టారు. హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకుని, చదువురాని పల్లె స్త్రీకి కూడా అర్థమయ్యే తేలిక మరాఠీలో బైబిలును అనువదించారు. ఆ పని చేస్తుండగానే 1921లో ఒక్కగానొక్క కూతురు మనోరమ చనిపోయింది. ఆ దుఃఖంలోనూ కలం కింద పెట్టలేదు. అనువాదం ముగించి 1922 ఏప్రిల్ 5న ప్రభువు సన్నిధికి చేరారు.

ప్రియులారా, ఇలాంటి వారి జీవితాలు విని చప్పట్లు కొట్టడం తేలిక. మన చర్చిల్లో ఏం జరుగుతోందో చూసుకోవడమే కష్టం. వాక్యం తెలిసిన ఇళ్ళలో కూడా కూతురి పెండ్లిలో విధవరాలైన తల్లి వెనుక వరుసలో తలవంచుకుని నిలబడుతోంది. శుభకార్యానికి బయలుదేరేటప్పుడు ఆమె ఎదురు రాకూడదని గుసగుసలాడేవారు ఆదివారం మొదటి బెంచీలోనే కనిపిస్తారు. క్రిస్మస్‌కు ఒక చీర ఇచ్చి, ఫొటో తీసుకుని, మళ్ళీ క్రిస్మస్ దాకా ఆమెను మర్చిపోయే సంఘాలెన్నో! యెరూషలేములోని ఆది సంఘంలో విధవరాళ్ళకు భోజనం సరిగ్గా అందడం లేదనే ఫిర్యాదు వచ్చింది. అపొస్తలులు దాన్ని చిన్న విషయమని తోసిపుచ్చలేదు. ఆత్మతో, జ్ఞానంతో నిండిన ఏడుగురిని ఆ పనికి నియమించారు (అపొ.కా. 6వ అధ్యాయం). దిక్కులేని పిల్లల్ని, విధవరాళ్ళను వాళ్ళ ఇబ్బందుల్లో పరామర్శించడం నిజమైన భక్తిలో భాగమని యాకోబు కూడా స్పష్టంగానే చెప్పాడు (యాకోబు 1:27).

ఇంకో సంగతి కూడా మనం గమనించాలి. సారెపతు విధవరాలి దగ్గరికి ఏలీయా సాయం ఇవ్వడానికే కాదు, సాయం అడగడానికి వెళ్ళాడు. ఆమె చేతిలో ఇవ్వదగినదేదో ఉందని దేవుడు నమ్మాడు. మనం విధవరాళ్ళను, భర్త వదిలేసిన స్త్రీలను సాయం తీసుకునేవారిగా మాత్రమే చూస్తున్నాం. సంఘంలో ఎవరి ఇంట్లోనైనా చావు జరిగితే మొదట వెళ్ళి పక్కన కూర్చోగలిగింది ఎవరు? ఆ దారిలో నడిచివచ్చిన స్త్రీయే కదా! ఆమె చెప్పే ఒక్క మాట మా ప్రసంగాలకన్నా లోతుగా వెళ్తుంది. సంఘ కమిటీలో ఆమెకు చోటివ్వండి, పరామర్శ పరిచర్య ఆమెకు అప్పగించండి, ఆమె పిల్లల చదువు బాధ్యత సంఘం పంచుకోనివ్వండి. వచ్చే పెండ్లిలో వధువును దీవించడానికి ముందుగా ఆ తల్లినే పిలవండి.

శ్రమలు ఎవరినీ అడిగి రావు. ఈ మాట చదువుతున్న వారిలో రాత్రంతా ఏడ్చి, తెల్లారి పిల్లల కోసం పొయ్యి వెలిగించిన అమ్మలు ఉండే ఉంటారు. అమ్మా, మీ కన్నీళ్ళు వృథా అని అనుకోకండి. మీకు తెలిసిన బాధలోనే ఇప్పుడు మీ వీధిలో ఇంకో ఇంట్లో ఒకామె కూర్చుని ఉంది. దేవుడు ఆమె తలుపు తట్టడానికి మిమ్మల్నే పంపుతున్నాడేమో, ఒకసారి వెళ్ళిరండి.