పార్వతీశం ఎక్కడ మారాడు?

పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ గారికి,

మొక్కపాటి నరసింహశాస్త్రి నవల ‘బారిష్టర్ పార్వతీశం’ తొలి భాగం వచ్చింది 1924లో. మొగల్తూరు కుర్రాడు ఆడవాళ్ల టోపీ పెట్టుకుని ఇంగ్లండుకు బయల్దేరితే ఏ తరగతైనా పడీపడీ నవ్వుతుంది. నవ్వనివ్వాలి. అసలు పాఠం ఆ తర్వాతే: చుట్టూ ఉన్నవాళ్లు ఎందుకు నవ్వారు? తన తెలియనితనం అతనికెప్పుడు తెలిసింది? చివరికి స్వాతంత్ర్యోద్యమం వైపు నడిచినవాడూ ఈ పార్వతీశమేనా?

ఉపవాచకాల గైడ్లలో మాత్రం ఇతివృత్తం బట్టీకి సిద్ధంగా, ఒక్క వాక్యంలో ఉంటుంది. పరీక్షలో అదే అడుగుతుంటే టీచరు మాత్రం ఏం చేస్తారు!

ఇలాంటి నవలను ఉపవాచకంగా పెట్టి, పుస్తకం తెరిచి రాసే ప్రశ్న ఒక్కటి ఇప్పించండి: కథానాయకుడు మారాడనిపించిన రెండు సందర్భాలు, వాటికి కారణాలు. ఇద్దరు పిల్లలు వేర్వేరు పేజీలు చూపించినా, ఆధారముంటే ఇద్దరికీ మార్కులు పడాలి.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు