అమెరికా నోట్సు - 7: తల ఊపే బొమ్మలు



ఫ్లోరిడా పోయిన తెలుగు కుటుంబం డిస్నీ వరల్డ్ చూడకుండా రాదు. అందులో మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో 'హాల్ ఆఫ్ ప్రెసిడెంట్స్' ఉంది. 1971లో పార్కు తెరిచినప్పటి నుంచీ నడుస్తున్న దేశభక్తి ప్రదర్శన. చాలామంది ఏసీ కోసం లోపలికి పోతారు. నేను దాన్ని చూడ్డానికే పోయాను. ముందు సినిమా వేస్తారు. తర్వాత తెర లేస్తుంది. అమెరికా అధ్యక్షులు నిలువెత్తు యంత్రాల బొమ్మలై కనిపిస్తారు. పేరు పిలిస్తే ఒక్కొక్కరే తల ఊపుతారు. జనం చప్పట్లు.

వాషింగ్టన్ తల ఊపాడు. ఆయన చనిపోయిన 1799లో మౌంట్ వెర్నన్‌లో 317 మంది బానిసలున్నారు. జెఫర్సన్ తల ఊపాడు. మనుషులంతా సమానంగా పుట్టారని రాసిన ఆ చెయ్యే జీవితకాలంలో 600 మందికి పైగా మనుషుల్ని ఆస్తిగా పెట్టుకుంది. మొత్తం 12 మంది అధ్యక్షులు బానిసల యజమానులు. వాళ్లలో 8 మంది పదవిలో ఉండగా కూడా. వాషింగ్టన్ ఇంటి నుంచి 1796లో ఓనా జడ్జ్ అనే బానిస యువతి తప్పించుకుపోయింది. అంత పెద్ద అధ్యక్షుడు ఆమెను వెనక్కి తెచ్చుకోలేకపోయాడు. స్వేచ్ఛ అంటే ఏమిటో ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఆమె. వేదిక మీద ఆమెకు చోటు లేదు.

నా ముందు వరసలో మన తెలుగోళ్లున్నారు. లింకన్ పేరు పిలవగానే గట్టిగా చప్పట్లు కొట్టారు. వాళ్లది ఏ కులమో నాకు తెలియదు. నా ప్రశ్న వాళ్ల మీద కాదు, ఆ చప్పట్ల మీద. 2023లో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు వస్తే మనదేశం నుంచి పోయినవాళ్ల సంఘాలు కొన్ని కాళ్లు అడ్డం పెట్టాయి. చట్టసభ ఆమోదించినా గవర్నర్ వీటో చేశాడు. నల్లవాళ్ల విముక్తికి చప్పట్లు కొట్టడానికి ఖర్చేం లేదు. మన వాడలోని మనిషికి హక్కు ఇవ్వాలంటేనే చెయ్యి రాదు.

ఇంకో సంగతి. ఎరిక్ ఫోనర్ అనే చరిత్రకారుడు డిస్నీ చరిత్ర చెప్పే తీరును తప్పుపట్టాడు. 1993లో ఈ హాలు స్క్రిప్టు తిరగరాయడానికి ఆయన్నే పిలిచారు. కథనానికి గొంతు ఇచ్చింది మాయా ఏంజెలో. అప్పుడు ఆ హాల్లో బానిసత్వం మాట గట్టిగా వినపడింది. బొమ్మలు అవే, వాటి చుట్టూ చెప్పే కథ మారింది. ఎవరో దయతలచి మార్చలేదు. అడిగారు కాబట్టి మారింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మనం పట్టుకోవాల్సింది ఇదే. 2023లో హైదరాబాద్‌లో, 2024లో విజయవాడలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాలు లేచాయి. నాకూ గర్వమే. కానీ విగ్రహం ఎవరు దండ వేసినా కాదనదు. ఎవరి ఉపన్యాసానికైనా వెనకాల నిలబడుతుంది. ఆయన నోట్లో ఏ మాట పెడుతున్నారన్నది మనం కాపలా కాయాలి. కులనిర్మూలన తీసేసి 'రాజ్యాంగ నిర్మాత' ఒక్కటే మిగిల్చితే, అది కూడా తల ఊపే బొమ్మే.

1991లో చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. మీ చరిత్ర పుస్తకం తీసి చూడండి, ఇందులో ఎన్ని వాక్యాలున్నాయో. లేకపోతే ఎందుకు లేవో మీ క్లాసులో, మీ యూనివర్సిటీలో లేచి అడగండి. రాతపూర్వకంగా అడగండి.

1946లో బాబాసాహెబ్ అమెరికాకు ఒక ఉత్తరం రాశారు. ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్లు పెట్టిన అర్జీ ప్రతి కావాలని అడిగారు. ఆ ఉత్తరం ఏ అధ్యక్షుడికో రాయలేదు. డుబోయిస్‌కి రాశారు. అమెరికాలో మన చుట్టరికం ఎవరితోనో ఆయన అప్పుడే తేల్చేశారు.

జై భీమ్.