మందు కొట్టే కూలీకి లెక్కేది?

వరి నాటిన కొద్దిరోజులకే ప్రెటిలాక్లోర్‌ను ఇసుకలో కలిపి వట్టి చేతులతో మడిలో చల్లుతారు. మూడు వారాలు దాటాక వెడల్పాకు గడ్డి మీద 2,4-డి. మక్క విత్తగానే అట్రాజిన్. ఒడ్ల మీద, దున్నకుండా మక్క పెట్టే వరి కొయ్యకాళ్లలో పారాక్వాట్. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో కలుపు తీసే మనుషులు కరువయ్యేకొద్దీ గడ్డిమందు ఎక్కువైంది. పంపు మోసేది చాలాచోట్ల ఆసామి కాదు, ట్యాంకుకింత అని మాట్లాడుకున్న కూలీ. మూత దగ్గర మందు కారి వీపు తడుస్తుంది. నాజిల్‌లో నలక పడితే నోటితో ఊది మళ్లీ బిగిస్తాడు.

వియత్నాం అడవుల మీద అమెరికా సైన్యం చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌లో దాదాపు సగం ఈ 2,4-డినే. అసలు విషం మాత్రం రెండో సగమైన 2,4,5-టి తయారీలో పుట్టిన డయాక్సిన్. కాబట్టి మన మళ్లలో పడేది ఏజెంట్ ఆరెంజే అని భయపెట్టడం తప్పు. అక్కడి నుంచి మనం తెచ్చుకోవాల్సింది ఒక న్యాయసూత్రం. ఫలానా రోజు ఫలానా మందు తన మీద పడిందని ఏ మాజీ సైనికుడు రుజువు చేయగలడు? 1991 నాటి అమెరికా చట్టం ఆ బరువు దించింది. వియత్నాంలో పనిచేసి, జాబితాలోని జబ్బు వస్తే చాలు, వైద్యం, పరిహారం అందుతాయి. తర్వాత మధుమేహం, పార్కిన్సన్స్, 2022లో రక్తపోటు కూడా ఆ జాబితాకెక్కాయి. వియత్నాం బాధితుల దావాను మాత్రం అమెరికా కోర్టు 2005లో కొట్టేసింది. ఆ అన్యాయం ఇంకా అలాగే ఉంది.

పారాక్వాట్ కడుపులోకి పోతే విరుగుడు లేదని మన డాక్టర్లకు తెలుసు. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంటికి పడితే? పార్కిన్సన్స్‌తో దానికి సంబంధం ఉండొచ్చని పలు అధ్యయనాలు చెప్పాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో గ్లైఫోసేట్ అనే మరో గడ్డిమందును క్యాన్సర్ తెచ్చే అవకాశం ఎక్కువున్న వాటిలో, 2,4-డిని ఒక మెట్టు కింద చేర్చింది. మన దగ్గర లెక్క కేస్‌షీటు కాడే తప్పుతోంది. బీడీ, కల్లు అలవాట్లు అడుగుతారు గానీ ఎన్నేళ్లు మందు కొట్టావని అడిగేవారు అరుదు. వృత్తి ‘కూలీ’ అని రాసి వదిలేస్తారు.

పిచికారీ చేసేవారికి పనికి ముందూ, ఆ తర్వాత గడువుల ప్రకారమూ వైద్య పరీక్షలు చేయించి రిజిస్టరులో రాయాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెబుతున్నాయి. రోజుకో ఆసామి దగ్గర పనిచేసేవాడికి ఆ రిజిస్టరు ఎవరు పెట్టాలి? రైతుబీమా 5 లక్షలిస్తుంది, పట్టా ఉంటేనే, అదీ చనిపోయాకే.

వృత్తిని చూసి ఆదుకోవడం ఈ నేలకు కొత్త కాదు. బీడీలు చుట్టే ఆడవాళ్లకు, నేత, గీత కార్మికులకు ఆసరా పింఛను ఇస్తున్నాం. పనే తమను కుంగదీసిందని రుజువు తెమ్మని వాళ్లను అడగలేదు. మందు కొట్టేవాళ్లను వేరుగా చూడటానికి కారణమేమీ లేదు. వాళ్ల పేర్లు పంచాయతీల్లో నమోదు చేయాలి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏటా వాళ్ల ఊపిరితిత్తులు, కిడ్నీలు, చేతుల వణుకు పరీక్షించాలి. ఏ పంటకు ఏ మందు ఎంత పడుతోందో పొలాస వ్యవసాయ పరిశోధన కేంద్రం లెక్కగట్టి ఇవ్వాలి. ఇక్కడా అలాంటి జబ్బుల జాబితా ఒకటి చేయాలి. ఏళ్లకేళ్లు పంపు మోసినవాడికి అందులోని జబ్బొస్తే, మందు వల్ల కాదని తేల్చే బాధ్యత ప్రభుత్వానిదీ కంపెనీలదీ కావాలి. పేర్ల నమోదైనా వచ్చే వానాకాలం నాట్ల లోపు మొదలుపెట్టాలి.