కుక్కపిల్లకు గడియారం నేర్పిందెవరు?

తెల్లవారుజామున నాలుగింటికే కుయ్యోమంటూ నిద్ర చెడగొడుతోందని మా హాస్టల్ వరండాలోని కుక్కపిల్లను గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేద్దామంటున్నారు కొందరు మిత్రులు. నేను ఒప్పుకోను.

అది రెండు నెలల పసికూన. మూత్రం రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు. అల్లరి కాదు, అవసరం! మరి బయటికి వెళ్లొచ్చాక కూడా ఎందుకరుస్తుంది? అరవగానే ఎవరో ఒకరు బిస్కెట్టు పడేస్తున్నారు గనుక! చప్పుడుకీ తిండికీ ముడిపెట్టి కుక్క నోట లాలాజలం ఊరించిన పావ్‌లోవ్ గురించి పరీక్షలో పేజీలు నింపుతాం. వరండాలోకొచ్చేసరికి మరిచిపోతామా?

చేయాల్సింది కొంచెమే. రాత్రి తిండి పెందరాళే పెట్టాలి. మనం పడుకోబోయే ముందు దాన్ని బయట తిప్పాలి. నాలుగింటికి లేస్తే లైటు వెయ్యకుండా, ముద్దు చెయ్యకుండా తీసికెళ్లి, తెచ్చి పడుకోబెట్టాలి. తిండి మాత్రం ఆరు దాటాకే. నాలుగైదు నెలల వయసొచ్చేసరికి చాలా పిల్లలు రాత్రంతా పడుకుంటాయి.

మా ఊళ్లో దూడ అరిస్తే నాన్న కర్ర తియ్యడు; లేచి వెళ్లి ఎందుకరిచిందో చూస్తాడు. ఆయన ఏ కాలేజీలోనూ చదవలేదు. బి.యస్సీ. చదివే మనకు ఆపాటి ఓపిక లేకపోతే, సోదరులారా, ఈ చదువెందుకు?