తూము ఎప్పుడు తీయాలో ఎవరు చెప్పాలి?

మన సంఘం ఆఫీసుకు దగ్గర్లోనే, బాగ్ అంబర్‌పేటలో బతుకమ్మకుంటకు మళ్లీ నీళ్లొచ్చాయి. పూడిపోయి ముళ్లకంప మొలిచిన కుంటను హైడ్రా తవ్వించి, 2025 సెప్టెంబర్‌లో ప్రారంభించింది. చుట్టుపక్కల బస్తీల జనం పొద్దున నడవడానికి, పిల్లలు ఆడుకోవడానికి ఒక జాగా దొరికింది. సంతోషమే. అయితే ఆ కుంట కింద తడవాల్సిన పొలం ఇప్పుడు గుంటెడు కూడా లేదు. ఏడాది పొడవునా నిండుగా ఉంటే అక్కడ అందరికీ మేలే. ఇదే నమూనాను ఊరి చెరువుకు తగిలిస్తేనే చిక్కు.

ఊరి చెరువు నిండాలి, దిగాలి. వానకాలం మత్తడి దుంకుతుంది, యాసంగి నాట్లకు తూము తీస్తారు, ఎండలు ముదిరేసరికి నీరు అడుగుకు చేరుతుంది. నీరు దిగుతున్నకొద్దీ బయటపడే శిఖం బురదలోనే కొంగలు పురుగు ఏరుకుంటాయి, పశువులకు పచ్చిక దొరుకుతుంది. నీరు తగ్గితేనే వలకు చేప చిక్కుతుంది, మరీ ఎండితే చేపపిల్లతో సహా పోతుంది. పడవకు మాత్రం ఎప్పుడూ లోతు కావాలి.

ములుగు జిల్లా లక్నవరం, వరంగల్ జిల్లా పాకాల చూడండి. రెండూ కాకతీయుల నాటి చెరువులే, రెండూ అడవి నడుమే. పాకాల చుట్టూ అభయారణ్యం ఉంది. లక్నవరంలో వేలాడే వంతెనలు, దీవుల్లో కాటేజీలు, పడవ షికార్లు. రెండింటి కిందా వేల ఎకరాల వరి. నీటిపారుదల, అటవీ, పర్యాటక, మత్స్య శాఖలు నాలుగూ ఆ నీటి మీదే ఉన్నాయి, ఎవరి ఫైలు వారిదే. ఈ నలుగురినీ రైతు ముందు ఒక్కచోట కూర్చోబెట్టే ఏర్పాటు కావాలి.

2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక మట్టి పొలాలకు చేరింది. అది మంచి పని. దాంతోపాటే మినీ ట్యాంక్‌బండ్‌లు వచ్చాయి. కట్ట మీద బెంచీలు, దీపాలు పెడితే మనకేం అభ్యంతరం లేదు. శిఖంలోకి జరిగి రింగ్‌బండ్ కడితేనే నష్టం. చెరువు కురచవుతుంది, వాగు నీళ్లు లోపలికి రావడానికి అడ్డం పడుతుంది. సిమెంటు గోడ మీద ఏ పిట్ట మేస్తుంది?

ఒకప్పుడు నీరటి ఉండేవాడు, వంతు ప్రకారం మడికి నీరు పారించేవాడు. ఆ కాలాన్ని మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. దొర మడి తడిశాకే చివరి మడి పేదోడికి అన్న రివాజు కూడా అందులోదే. 1997లో చట్టం చేసి నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబర్‌లో మళ్లీ జరిపారు. తెలంగాణ వచ్చాక ఇక్కడ ఆ ఎన్నికలు జరపలేదు. ఉన్న చట్టంలో కూడా పెత్తనం పట్టాదారుదే, వల వేసి బతికే కుటుంబానికి ఓటు లేదు.

అందుకని పాత సంఘాలనే తిరిగి నిలబెట్టమని అడిగితే చాలదు. ఆయకట్టు రైతులు, కౌలుదార్లు, మత్స్య సహకార సంఘం, పంచాయతీ, ఆ నాలుగు శాఖలూ ఉన్న చెరువు కమిటీ కావాలి. దసరా తర్వాత కట్ట మీదే కూర్చుని, ఉన్న నీళ్లు చూసి యాసంగికి ఎన్ని ఎకరాలో, తూము ఏ తేదీలకు తీయాలో రాసుకోవాలి. చేపకు, పశువుకు, పిట్టకు ఎంత మిగలాలో గేజీ మీద గీత గీయాలి. ఆ గీత కిందికి రైతు కూడా తోడకూడదు. మిగిలిన నీటిలో పడవలు తిప్పుకోనివ్వండి, టికెట్టు డబ్బులో ఒక వాటా తూముల, కాల్వల మరమ్మతుకు రావాలి.

మనవాళ్లకూ ఒక మాట. శిఖంలో మోటార్లు దించి తోడుకుంటూ, రాత్రికి రాత్రి మత్తడి తెగ్గొడుతూ పర్యాటక శాఖను నిలదీస్తే మన మాట ఎవరు వింటారు? ముందు ఆ మోటార్లు తీయించాలి.

ప్రతి గ్రామ కమిటీ ఈ యాసంగి నాట్లకు ముందే తమ చెరువు మీద సభ పెట్టి, తీర్మానం రాసి నీటిపారుదల డీఈకి ఇవ్వాలి. రసీదు తీసుకుని, నకలు విద్యానగర్ ఆఫీసుకు పంపండి. తీర్మానంలో కౌలుదార్ల, బెస్త, ముదిరాజ్ కుటుంబాల సంతకాలు తప్పక ఉండాలి.